బటన్ నొక్కితే మసకబారే రైలు కిటికీ.. బాగానే ఉంది! మరి రాయి పడితే? మంట అంటుకుంటే?

యాప్రాల్‌లో ఉండేవాళ్లకు మధ్యాహ్నం రైలు ఎక్కడమంటే ఏంటో బాగా తెలుసు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆటోనో క్యాబో పట్టుకోవాలి. నేరేడ్‌మెట్ మీదుగానో, లోతుకుంట, కార్ఖానా మీదుగానో సికింద్రాబాద్ స్టేషన్ చేరాలి. ఏసీ బోగీలో కిటికీ పక్క సీటు దొరికింది, హమ్మయ్య అని కూర్చుంటే.. ఎండ సూటిగా ముఖం మీదే! బ్లైండ్ కిందికి లాగితే వెనక సీట్లోంచి "సార్, పాప బయటకు చూస్తోందండీ" అంటారు. వదిలేస్తే చేతిలో ఫోన్ స్క్రీన్ కూడా కనపడదు.

ఈ చిన్న పేచీకి టెక్నాలజీ దగ్గర ఒక సమాధానం ఉంది. అదే స్మార్ట్ గ్లాస్. కర్టెన్ ఉండదు, బ్లైండ్ ఉండదు. బటన్ నొక్కితే అద్దమే మసకబారుతుంది. మళ్లీ నొక్కితే బయట చెట్లు, చెరువులు కనిపిస్తాయి. వినడానికి భలేగా ఉంది కదా! కానీ మన రైళ్లలో కిటికీ అంటే ఎండ ఆపేది మాత్రమే కాదు. రాయిని ఆపాలి. ప్రమాదంలో మనిషిని బయటికి పంపాలి. ఈ రెండు పరీక్షలూ పాసైతేనే ఆ బటన్‌కు విలువ. ఎందుకో చూద్దాం.

మన దేశానికి ఇది కొత్త కాదు

2020 చివర్లోనే రైల్వే శాఖ ఈ ప్రయోగం చేసింది. ఢిల్లీ-హౌరా రాజధాని ఫస్ట్ ఏసీ బోగీలో స్మార్ట్ కిటికీలు ట్రయల్‌గా పెట్టింది. స్విచ్ వేస్తే పారదర్శకంగా, తీసేస్తే తెల్లగా మసకగా మారే అద్దాలు అవి. అప్పుడు కోవిడ్ కాలం. ఏసీ బోగీల్లో కర్టెన్లు, దుప్పట్లు తీసేసిన రోజులు. గుడ్డ లేకుండా చాటు కావాలంటే అద్దమే దారి అన్న ఆలోచనకు అదే సరైన సమయం.

2022 మార్చిలో దుప్పట్లు, కర్టెన్లు మళ్లీ వచ్చేశాయి. రోజూ ప్రయాణించే మామూలు ఏసీ బోగీల్లో ఇప్పటికీ కనిపించేది గుడ్డ కర్టెన్, లేదంటే రోలర్ బ్లైండే.

విమానాల్లో మాత్రం ఇది ఎప్పుడో వచ్చింది. 2011లో సర్వీసులోకి వచ్చిన బోయింగ్ 787లో కిటికీకి కిందికి లాగే మూత ఉండదు. కింద బటన్ ఉంటుంది. నొక్కే కొద్దీ అద్దం నీలంగా, ముదురుగా మారుతుంది. ఎయిరిండియాకు ఈ విమానాలు 2012 నుంచి వచ్చాయి. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లొచ్చే మనవాళ్లలో చాలామంది ఆ బటన్ నొక్కే ఉంటారు.

ఇంతకీ అద్దం మసక ఎలా అవుతుంది?

ఇక్కడే అసలు విషయం ఉంది. స్మార్ట్ గ్లాస్ అంటే ఒకటే రకం కాదు. ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది లిక్విడ్ క్రిస్టల్ ఫిల్మ్. రెండు అద్దాల మధ్య పలుచని పొర ఉంటుంది. అందులో ద్రవ స్ఫటికాల చుక్కలు ఉంటాయి. కరెంటు ఇస్తే అవి వరసలో నిలబడతాయి, వెలుతురు నేరుగా వచ్చేస్తుంది, అద్దం పారదర్శకం. కరెంటు ఆపితే అవి చిందరవందర అవుతాయి, అద్దం పాలలా తెల్లబడుతుంది. క్షణంలో మారిపోతుంది. ఆఫీసుల్లో మీటింగ్ రూములకు ఎక్కువగా వాడేది ఇదే. చాటు ఇస్తుంది. కానీ వెలుతురును చెదరగొడుతుంది తప్ప పెద్దగా ఆపదు. అంటే ఎండ వేడి చాలావరకు లోపలికి వస్తూనే ఉంటుంది.

రెండోది ఎలక్ట్రోక్రోమిక్. అద్దం మీద టంగ్‌స్టన్ ఆక్సైడ్ లాంటి పూత ఉంటుంది. కొద్ది వోల్టుల కరెంటుతో అయాన్లు అందులోకి వెళ్తే రంగు ముదురుతుంది, బయటికొస్తే తేలికవుతుంది. వేడినీ, కాంతినీ నిజంగా తగ్గించేది ఇది. రంగు మారేటప్పుడే కరెంటు కావాలి. ఆ తర్వాత దాదాపు అలాగే నిలబడుతుంది. లోపం ఏంటంటే, మారడానికి టైం పడుతుంది. పెద్ద అద్దమైతే నిమిషాలు కూడా పట్టొచ్చు.

మూడోది సస్పెండెడ్ పార్టికల్ రకం. ఇందులో ద్రవంలో తేలే సూక్ష్మ కణాలు ఉంటాయి. కరెంటు ఉంటే అద్దం తేటగా, పోతే ముదురుగా ఉంటుంది. ఇది కూడా సెకన్లలో మారుతుంది.

అందుకే "స్మార్ట్ కిటికీ పెట్టాం" అని ఎవరైనా చెబితే వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఏ రకం? చలి దేశంలో చాటు చాలు. మే నెలలో తెలంగాణ మీదుగా పోయే రైలుకు చాటు కన్నా వేడి తగ్గడం ముఖ్యం. పాలలా మారే అద్దం పెట్టి ఎండ సమస్య తీరిందనుకుంటే పొరపాటే.

ఈ పరిశోధన మనకు దూరంలోనూ లేదు. ఐఐటీ హైదరాబాద్ కెమిస్ట్రీ విభాగం ఎలక్ట్రోక్రోమిక్ పదార్థాలపై చాలాకాలంగా పనిచేస్తోంది.

సికింద్రాబాద్ నుంచి ఎవరికి కావాలి ఈ అద్దం?

పుణె-సికింద్రాబాద్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌కు 2022 ఆగస్టు 10 నుంచి విస్టాడోమ్ బోగీ తగిలించారు. పెద్ద పెద్ద కిటికీలు, పైకప్పులో కూడా అద్దాలు, తిప్పుకునే సీట్లు. మధ్యాహ్నం బయల్దేరి వికారాబాద్, తాండూరు మీదుగా పడమటికి పోతుంది. అంటే సాయంత్రం దాకా సూర్యుడి వైపే పరుగు! వికారాబాద్ అడవి చూడాలంటే అద్దం తేటగా ఉండాలి. తాండూరు దాటాక నెత్తిమీద ఎండ తగ్గాలంటే అద్దం ముదరాలి. ఇలాంటి చోటే ఈ టెక్నాలజీకి అసలు పని.

విశాఖ-అరకు లైన్ సంగతీ అంతే. 2017 ఏప్రిల్ 16న అక్కడ విస్టాడోమ్ బోగీ మొదలైంది. 40 సీట్లు, ఖర్చు 3.38 కోట్ల రూపాయలు. సొరంగం, లోయ, మళ్లీ సొరంగం.. చీకటి వెలుగులు నిమిషాల్లో మారిపోయే దారి అది. నెమ్మదిగా మారే అద్దం అక్కడ వెనకబడిపోతుంది. ఒక్కో లైన్‌కు ఒక్కో రకం ఎందుకు కావాలో ఈ రెండు రైళ్లే చెబుతాయి.

ఇక వందేభారత్. 2023లో ఈ రైళ్లకు చేసిన మార్పుల జాబితాలో కిటికీ రోలర్ బ్లైండ్ గుడ్డను ఎండ తక్కువగా దూరేలా మార్చడం ఒకటి. అంటే ఎండ పేచీ రైల్వే దాకా చేరింది. అదే జాబితాలో ఇంకో మార్పు కూడా ఉంది. అత్యవసరంలో అద్దం పగలగొట్టే సుత్తి సులువుగా అందేలా దాని పెట్టె మూతను మార్చారు. ఒకే కిటికీ.. ఒక చేతికి బ్లైండ్, ఇంకో చేతికి సుత్తి. స్మార్ట్ గ్లాస్ చర్చలో మర్చిపోకూడనిది ఈ రెండో చెయ్యినే.

రాయి పడితే?

2023 జనవరి 15న సికింద్రాబాద్-విశాఖ వందేభారత్ మొదలైంది. ఇంకా మొదలే కాలేదు, నాలుగు రోజుల ముందే విశాఖ కంచరపాలెం దగ్గర ఆ రైలు మీద రాళ్లు పడ్డాయి, అద్దాలు పగిలాయి. ఆ ఏడాది తొలి మూడు నెలల్లోనే వందేభారత్ మీద 9 రాళ్ల దాడులు జరిగాయని, 39 మందిని అరెస్టు చేశామని దక్షిణ మధ్య రైల్వే ప్రకటించింది. రైల్వే చట్టం 153వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు శిక్ష పడుతుందని హెచ్చరించింది. పట్టుబడినవాళ్లలో పిల్లలూ ఉన్నారు.

మామూలు అద్దం పగిలితే అద్దం మారుస్తారు. స్మార్ట్ గ్లాస్ పగిలితే? అద్దంతో పాటు లోపలి పొర, వైర్లు, కంట్రోల్ కనెక్షన్ అన్నీ చూడాలి. ఖరీదూ ఎక్కువే. పైగా వందేభారత్ లాంటి రైలు పొద్దున విశాఖలో బయల్దేరి, మధ్యాహ్నం సికింద్రాబాద్ చేరి, కాసేపటికే మళ్లీ వెనక్కి వెళ్లాలి. ఆ కాస్త టైంలో ప్రత్యేకమైన అద్దం ఎక్కడినుంచి తెస్తారు? డిపోలో స్పేర్ లేకపోతే ఆ చోట మామూలు అద్దమో రేకో బిగించి పంపాలి. అందుకే ఈ ప్రాజెక్టులో అద్దం కొనడం సగం పని. డిపోల్లో, లాలాగూడ లాంటి వర్క్‌షాపుల్లో దాన్ని రిపేరు చేసే ఏర్పాటు మిగతా సగం.

మంట అంటుకుంటే?

ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. 2013 డిసెంబర్ 28 తెల్లవారుజామున బెంగళూరు-నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లో మంటలు లేచాయి. అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర. నిద్రలో ఉన్న థర్డ్ ఏసీ ప్రయాణికులు.. 26 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే థర్డ్ ఏసీ బోగీల్లో నడిచే దారివైపు కర్టెన్లు తీసేయాలని రైల్వే నిర్ణయించింది. నిప్పుకు గుడ్డ తోడు కాకూడదని.

ఆ లెక్కన చూస్తే కర్టెన్ లేని కిటికీ మంచిదే కదా? అవును, ఒక విధంగా మంచిదే. తగలబడే గుడ్డ తగ్గుతుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది.

స్మార్ట్ గ్లాస్ చాలావరకు లామినేటెడ్ అద్దం. అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. రాయి పడితే పగుళ్లు వస్తాయి, కానీ ముక్కలు ఊడి మీద పడవు. రాళ్ల దాడికి ఇది వరం. అయితే లోపల పొగ నిండి, బయటపడాలని సుత్తితో కొడితే? అప్పుడూ అది ఊడిరాదు! సాధారణ టఫెన్డ్ అద్దమైతే గట్టి దెబ్బకు గింజల్లా రాలిపోతుంది. లామినేటెడ్ అద్దం వలలా పట్టుకుని ఉంటుంది.

రాయిని ఆపే గుణమే మనిషినీ ఆపుతుంది. ఇదీ అసలు చిక్కు.

ఇంకొకటి. ప్రమాదంలో ముందు పోయేది కరెంటే. లిక్విడ్ క్రిస్టల్ రకమైతే కరెంటు పోగానే తెల్లబడుతుంది. పార్టికల్ రకమైతే ముదురుతుంది. లోపల ఎంతమంది చిక్కుకున్నారో బయట సాయానికి వచ్చినవాళ్లకు కనపడదు. పట్టాల ఏ పక్కకు దూకాలో లోపలివాళ్లకు తెలియదు.

దీనికి పరిష్కారం లేదా అంటే ఉంది. ప్రతి ఏసీ బోగీలో ఎర్ర గుర్తుతో ఎమర్జెన్సీ కిటికీలు ఉంటాయి. వాటిని స్మార్ట్ గ్లాస్ నుంచి మినహాయించాలి. లేదా ఫ్రేమ్‌తో సహా బయటికి వచ్చేసేలా చేయాలి. మిగతా కిటికీలకే ఈ హంగు. నాలుగు కిటికీలకు బ్లైండ్ ఉంటే నష్టమేమీ లేదు.

కిటికీ అవతలివాళ్ల సంగతేంటి?

ఇప్పటిదాకా రైల్లో కూర్చున్నవాళ్ల గురించే మాట్లాడాం. జపాన్‌లోని కోబె నగరంలో రోక్కో లైనర్ అనే రైలు ఉంది. ఇళ్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు దాని కిటికీలు వాటంతట అవే మసకబారతాయి. సింగపూర్ బుకిట్ పంజాంగ్ లైన్ కూడా అంతే. 1999లో మొదలైన ఆ లైన్‌లో అపార్టుమెంట్ల దగ్గరికి రాగానే అద్దాలు మసక, దాటగానే తేట. ప్రయాణికుడి కోసం కాదు.. బాల్కనీలో బట్టలు ఆరేసుకునే మనిషి కోసం!

మన మెట్రో పిల్లర్ల పక్కన రెండో అంతస్తులో ఉండేవాళ్లను అడిగితే ఈ ఆలోచన విలువ తెలుస్తుంది. అక్కడ చాటే ముఖ్యం కాబట్టి పాలలా మారే చౌక రకం చాలు.

మరి యాప్రాల్ పక్కనుంచి పోయే ఎంఎంటీఎస్? 2023 ఏప్రిల్ 8న మేడ్చల్ దాకా మొదలైన ఈ లైన్ అమ్ముగూడ, కావల్రీ బ్యారక్స్, అల్వాల్ మీదుగా కంటోన్మెంట్ గుండా వెళ్తుంది. అక్కడ కిటికీలు తెరిచే ఉంటాయి, గాలే ఏసీ. ఆ ప్రయాణికుడు అడిగేది ఒక్కటే, ఇంకో రైలు ఎప్పుడని. స్మార్ట్ గ్లాస్ అక్కడికి రావాల్సిన పని లేదు. ఆ డబ్బుతో ఇంకో ట్రిప్ నడిపితే చాలు.

చివరగా..

స్మార్ట్ గ్లాస్ వద్దని ఎవరూ అనరు. కిటికీ పక్క పేచీ తీరుతుంది. గుడ్డకు పట్టే మురికి, వాసన ఉండవు. వేడి ఆపే రకమైతే ఏసీ మీద భారం కూడా తగ్గుతుంది. కానీ ఫస్ట్ ఏసీలో పెట్టి, స్విచ్ వేసి వీడియో తీసి, అక్కడితో ఆగిపోతే లాభం లేదు.

పెట్టాల్సిన చోటు విస్టాడోమ్, వందేభారత్. చూడాల్సినవి నాలుగు. మే నెల మధ్యాహ్నం సీటు దగ్గర వేడి ఎంత తగ్గింది? రాయి పడితే ఎన్ని గంటల్లో మార్చారు? కరెంటు పోతే అద్దం ఏ స్థితిలో ఉంది? సుత్తితో కొడితే ఎన్ని సెకన్లలో మనిషి బయటపడ్డాడు? ఈ లెక్కలు జనం ముందు పెట్టి, ఆ తర్వాత ఎన్ని బోగీలకైనా బిగించుకోవచ్చు.

అప్పటిదాకా మీరు చేయాల్సింది ఒక్కటే. ఈసారి రైలెక్కగానే ఎండ ఏ పక్కన ఉందో కాదు, ఎర్ర గుర్తున్న కిటికీ ఏదో ముందు చూసుకోండి. పక్కన సుత్తి ఉందో లేదో కూడా. బ్లైండ్ సంగతి తర్వాత వెనక సీటు పాపతో మాట్లాడుకోవచ్చు.