గర్భసంచి తీశారు సరే, అండాశయాలో?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) లెక్కలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. రాష్ట్రాలన్నిటిలో ఇదే ఎక్కువ. గోదావరి డెల్టాలో నాట్లు వేసే మన ఆడకూలీలకు ఈ అంకెతో పనిలేదు, వాడలోనే కనిపిస్తుంది. అయితే ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు తీశారని అడిగిన ఆ సర్వే అండాశయాలు ఉంచారా అని అడగలేదు.

కీలకం అదే. అండాశయాలు ఉంచితే ముట్లుడిగే దశ కొంత ముందుగా రావచ్చు, అంతే. రెండూ తీసేస్తే మాత్రం ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, గుల్లబారే ఎముకలు, గుండెజబ్బు ముప్పు. రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, 45 ఏళ్లలోపు వారికి దాదాపు 50 ఏళ్లు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వాలనే వైద్యులు చెబుతారు. గర్భసంచి లేదు కనుక చాలామందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. నడుం వంచితేనే కూలి దొరికే మనిషికి ఎముకల బలం చిన్న విషయమా?

అనవసర ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. కానీ అది ఇకపై జరిగేవాటికి. ఇప్పటికే కోయించుకున్నవారికి ఏం తీశారో డిశ్చార్జి కాగితంపై తెలుగులో రాసివ్వాలి. కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలూ హార్మోన్ మందూ ఉచితంగా అందాలి. మన సంఘాలు ముందు ఆ కాగితం అడగాలి.