మార్జాలంపై నీలాపనింద



సాహిత్యం వ్రాసుకొనే ఈ పుటలో పిల్లి మలమూత్రాల ప్రసక్తి ఏమిటని ముక్కు మూసుకొనేవారు ముందుగానే మన్నించాలి. విషయం కొంత జుగుప్సాకరమే. అయినా నోరులేని ప్రాణి మీద మోపుతున్న ఒక నింద మా పుంగనూరులో ఈమధ్య తరచుగా నా చెవిని పడుతున్నది. ఆ నింద అసత్యమని చెప్పడం నా ఉద్దేశం.

"ఇన్ని దినాలు బుద్ధిగా తొట్లోనే పోస్తా ఉండె అయ్యవారూ. ఇప్పుడు పరుపు మీద పోస్తా ఉంది. మా మీద పగబట్టింది." ఇదీ ఆ నింద.

తొట్టి అంటే ఇంట్లో పెరిగే పిల్లి కాలకృత్యాలకు పెట్టే ప్లాస్టిక్ పళ్ళెం. అందులో బంకమన్ను గుళికలో ఇసుకో పోస్తారు. లిట్టర్ బాక్స్ అని లోకం పిలిచే ఈ వస్తువును నేను ఇసుకతొట్టి అంటాను. మా ప్రాంతానికి ఇది బెంగుళూరు నుండి వచ్చింది. అక్కడ ఉద్యోగాలు చేసే పిల్లలు ముచ్చటపడి పర్షియన్ పిల్లిని కొంటారు. అద్దెయింటి యజమాని ఒప్పుకోలేదనో, విదేశం వెళ్తున్నామనో తెచ్చి తల్లిదండ్రుల వద్ద వదలి పోతారు. పెద్దవాళ్ళకు పిల్లితోపాటు తొట్టీ, ఒక సంచి గుళికలూ సంక్రమిస్తాయి. వాటి మర్మం మాత్రం ఎవరూ చెప్పరు. ఆరు నెలలకో ఏడాదికో పిల్లి తొట్టిని విడిచిపెడుతుంది. అప్పుడు పుడుతుంది ఈ పగ కథ.

పిల్లి పగ అనగానే మనం ఇంత సులభంగా నమ్మడానికి కారణం ఉన్నది. మన సాహిత్యం ఆ జీవికి చేసిన అన్యాయం తక్కువది కాదు. హితోపదేశంలో దీర్ఘకర్ణుడనే పిల్లి చాంద్రాయణ వ్రతం చేస్తున్నానని జరద్గవమనే ముసలి గ్రద్దను నమ్మించి, చెట్టు మీది పక్షిపిల్లలను భక్షించింది. భారతం ఉద్యోగపర్వంలో గంగాతీరాన చేతులెత్తి దొంగతపస్సు చేసిన పిల్లి ఉన్నది. మహాబలిపురం శిల్పులు దానిని కొండరాతి మీద చెక్కి శాశ్వతం చేశారు. ధర్మశాస్త్రకారులు కపటవేషధారికి 'బైడాలవ్రతికుడు' అని పేరే పెట్టారు. ఇక తెలుగు సామెతల్లో పిల్లి కళ్ళు మూసుకొని పాలు త్రాగుతూనే ఉంటుంది. ఇంత చదువుకున్న మనస్సుకు పరుపు మీది తడి కనబడగానే కుట్ర తోచడం సహజమే.

కాని అదే భాషలో పిల్లి పక్షాన సాక్ష్యం చెప్పే మాట కూడ ఒకటి ఉన్నది. మార్జార శబ్దం 'మృజ్' ధాతువు నుండి పుట్టింది. శుద్ధి చేయడం దాని అర్థం. సంధ్యావందనంలోని మార్జనం, ఇల్లూడ్చే సమ్మార్జని, ఇంట తిరిగే మార్జాలం, మూడూ ఒకే ధాతువు బిడ్డలు. దినమంతా ఒళ్ళు నాకి శుభ్రపరచుకొనే ఈ జీవిని చూచి మన పూర్వులు పెట్టిన పేరది. అంతటి శుచిమంతురాలు ఉన్నట్టుండి తన శుచిని తానే వదలుకున్నదంటే, వైరం వెదకే ముందు వేదన వెదకవద్దా?

కప్పిపెట్టే అలవాటు పిల్లికి మనం నేర్పినది కాదు. దాని పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియాల పొడినేలల్లో తిరిగిన అడవిపిల్లులు. సైప్రస్ దీవిలో మనిషి సమాధి ప్రక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం ఒకటి బయటపడిందని 2004లో ప్రకటించారు. దాని వయస్సు సుమారు 9,500 సంవత్సరాలు. మనతో స్నేహం అంత పాతది. మెత్తని పొడిమన్ను త్రవ్వి, పని ముగించి, కప్పిపెట్టి పోవడం దాని రక్తంలోనే ఉన్నది. నెల తిరగని కూన కూడ మెత్తని మన్ను కనబడితే కాళ్ళతో గీరడం మొదలుపెడుతుంది.

తొట్టి చరిత్ర చూడబోతే ఎనభై ఏండ్లకు అటూ ఇటూ. 1947లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే యువకుని వద్దకు పొరుగింటామె వచ్చింది. తన పిల్లికి బూడిద వాడితే ఇల్లంతా నల్లని అడుగుజాడలు పడుతున్నాయట. అతడు, కర్మాగారాల్లో ఒలికిన నూనెను పీల్చడానికి అమ్మే ఎండు బంకమన్ను గుళికలను ఆమెకిచ్చాడు. అది చక్కగా పనిచేసింది. దానినే సంచుల్లో కట్టి అమ్మి అతడు ధనవంతుడయ్యాడు.

మా ఊళ్ళో పిల్లికి ఈ గుళికల అవసరం మొన్నమొన్నటి దాకా లేదు. మట్టిమిద్దె వెనుక పెరడు, పెరట్లో దిబ్బ, కట్టెలపొయ్యి బూడిదకుప్ప ఉండేవి. పిల్లి ఎక్కడికి పోయి వచ్చేదో ఎవరికీ తెలిసేది కాదు, తెలియవలసిన పనీ ఉండేది కాదు. తరువాత కట్టెలపొయ్యి పోయి గ్యాసు వచ్చింది, బూడిద మాయమైంది. పెరటికి సిమెంటు పోశాము, వీధికి సిమెంటు పోశాము, ఇంట్లో నున్నని బండలు పరచాము. తలుపులు వేసుకున్నాము. పిల్లి నుండి మట్టిని తీసుకొని, దానికి బదులుగా జానెడు పళ్ళెం ఇచ్చాము. ఆ పళ్ళెం కూడ దానికి పనికిరాకుండా పోయినప్పుడు అది ఎక్కడికి పోవాలి?

పళ్ళెం పనికిరాకుండా పోయే కారణాలలో మొదటిది వ్యాధి. ముఖ్యంగా పోతుపిల్లుల విషయం అందరూ తెలుసుకోవాలి. పోతుపిల్లి మూత్రనాళం చాల సన్ననిది. స్ఫటికాలవంటి సన్నని రేణువులో, జిగురో అడ్డుపడితే మూత్రం బిగిసిపోతుంది. మాటిమాటికీ తొట్టిలోకి పోయి ముక్కుతుంది, చుక్కలు మాత్రమే వస్తాయి, ఏడుస్తుంది, ఆ చోటు నాకుకుంటుంది. తొట్టిలో కూర్చుంటే నొప్పి గనుక తొట్టే నొప్పి పెడుతున్నదని తలచి చల్లని బండ మీదో మెత్తని పరుపు మీదో కూర్చుని చూస్తుంది. పూర్తిగా బిగిసిపోయిన పిల్లి ఒకటి రెండు దినాల్లో, మహా అయితే మూడు దినాల్లో చనిపోతుంది. విసర్జింపబడవలసిన విషాలు రక్తంలో నిలిచి గుండెను ఆపుతాయి. సకాలంలో పశువైద్యుడు సన్నని గొట్టం వేసి మూత్రం తీస్తే చాలవరకు బ్రతుకుతుంది. ఇది రేపు చూద్దామనదగిన జబ్బు కాదు. మలబద్ధకమని ఆముదం పట్టి కాలయాపన చేసే జబ్బు అంతకన్నా కాదు.

ఆడపిల్లులకూ మూత్రాశయం వాచి మంట పుడుతుంది. దిగులు, బెదురు ఆ వాపును పెంచుతాయి. ముసలి పిల్లులకు మూత్రపిండాలు చెడినా, మధుమేహం వచ్చినా నీళ్ళు ఎక్కువ త్రాగి ఎక్కువ పోస్తాయి. తొట్టి త్వరగా తడిసిపోతుంది. పర్షియన్ జాతికి మూత్రపిండాల్లో నీటితిత్తులు ఏర్పడే వ్యాధి వంశపారంపర్యంగా రావచ్చు. కీళ్ళు పట్టిన పిల్లి ఎత్తైన అంచు దాటలేదు. ఎదిగిన పిల్లులలో చాలవాటికి పాలు అరగవు. విరేచనాలు పట్టుకొని తొట్టి దాకా చేరకమునుపే పని జరిగిపోతుంది. ప్రేమతో పోసిన పాలే దోషానికి కారణం, దోషి మాత్రం పిల్లి!

రెండవ కారణం తొట్టి. మనం గమనించని వాసన దానికి భరింపరానిది. దినానికి ఒకసారైనా మలినం తీసివేయాలి. తొట్టి పిల్లి పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఒక పిల్లికి రెండు తొట్లు, రెండు పిల్లులకు మూడు తొట్లు అని వైద్యులు చెప్పే లెక్క. అన్నం గిన్నె ప్రక్కన గాని, ధడధడలాడే బట్టలుతికే యంత్రం ప్రక్కన గాని పెట్టరాదు. ఇంకొక పొరపాటు మా ఇళ్ళలో సర్వసాధారణం. తొట్టిని ఫినాయిలుతో కడుగుతారు. ఆ ఘాటు పిల్లిని పారద్రోలడమే కాదు, అటువంటి ద్రవాలు పిల్లి శరీరానికి విషం. వాటిని విరిచివేసే శక్తి దాని కాలేయానికి చాలదు. సబ్బునీళ్ళు చాలు.

బెంగుళూరు సంచి ఖాళీ అయ్యాక జరిగేది మరొకటి. గుళికలకు బదులు, ఇంటికట్టుబడికి తెచ్చిన ఇసుకను పోస్తారు. ఏటి ఇసుక బంగారమైపోయి ఇప్పుడు దొరికేది రాతిని పిండిచేసిన ఎం శాండు. ఆ గరుకు, ఆ దుమ్ము పిల్లి అరికాళ్ళకు గిట్టవు. సన్నని, వాసనలేని పొడిమన్ను దానికి ప్రీతి. మార్చక తప్పకపోతే పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి.

మూడవది భయం. కొత్త ఊరు, కొత్త మనుషులు, కొత్తగా వచ్చిన కుక్క, పెండ్లికి దిగిన బంధువులు, కిటికీ అవతల నిలిచి గుర్రుమనే వీధిపిల్లి, వీటిలో ఏదైనా చాలు. నిలుచుండి, తోక పైకెత్తి వణికిస్తూ గోడ మీద చిమ్మేది వేరు. అది హద్దురాయి పాతడం వంటిది. శస్త్రచికిత్సతో బీజాలు తీయించిన పోతులలో అది చాలవరకు తగ్గుతుంది. ఈ మూడింటిలో దేనికీ దండన మందు కాదు. ముక్కు పట్టి తడిలో రుద్దినా, చీపురుతో కొట్టినా పిల్లి నేర్చుకొనేది ఒకటే, మనిషిని చూచి దాగి పోసుకోవడం.

మా వీధికి రెండు వీధుల అవతల ఒక ఇంట ఇట్లే ఒక పోతుపిల్లి గంటకు నాలుగుసార్లు స్నానాలగది బండ మీద కూర్చొని చుక్కలు చుక్కలుగా పోసేదట, రాత్రంతా అరిచేదట. ఇంటి ఆడపిల్ల చదువుకు బెంగుళూరు పోయినది మొదలు పగబట్టిందని తీర్మానించారు. మూడవనాడు గోతాములో వేసి మూతి కట్టి ఊరిబయట వదలి వచ్చారు. ఈ సంగతి నాకు తెలిసేసరికి వారం గడిచింది. పై లక్షణాలు చదివినవారికి ఆ పిల్లి ఏమి చెప్పబోయిందో నేను విప్పి చెప్పనక్కరలేదు. వాళ్ళు దుర్మార్గులు కారు. పగ అనే మాట ఒకటి సిద్ధంగా ఉండడం వల్ల, నొప్పి అనే మాట వాళ్ళకు తోచలేదు. అందుకే ఈ మాట మీద నాకు ఇంత కోపం.

తిండీ నీళ్ళూ దొరకక బాధపడే పరిస్థితిలో జంతువును వదలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం మొదటి తప్పుకు విధించిన జరిమానా పది రూపాయలకు తగ్గకుండా యాభై రూపాయల వరకు. ఆ మొత్తానికి భయపడి ఎవరూ గోతాము విప్పరు. విప్పవలసింది మన బుద్ధి.

"మనుషులకే వైద్యం అందని చోట పిల్లికి వైద్యమా?" అని అడిగేవారున్నారు. వారికి మా ఊరి ఆవునే చూపిస్తాను. మూడడుగుల ఎత్తు లేని పుంగనూరు ఆవు పేరు నేడు దేశమంతా తెలుసు. దాని జాతిని నిలపడానికి పలమనేరులో పరిశోధనా స్థానం పాటుపడుతున్నది. 2024 జనవరిలో ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత తినిపించిన చిత్రాలు పత్రికల్లో వచ్చాయి. ఆ ఆవు రెండు పూటలు మేత మానితే యజమాని వైద్యుని కోసం పరుగెత్తుతాడు. మా మీద పగబట్టి మేత మానిందని అనడు. ఆవు విషయంలో మనకున్న ఈ ఇంగితాన్నే పిల్లి విషయంలోనూ వాడమంటున్నాను. ఆవు పాలిస్తుంది, పిల్లి ఏమిస్తుందంటారా? ఏమీ ఇవ్వనక్కరలేదు. మట్టి మీద స్వేచ్ఛగా తిరిగే దానిని తెచ్చి నాలుగు గోడల మధ్య మూసినవారం మనం. మూసిన నాడే దాని ఋణం మన మెడకు చుట్టుకున్నది.

కాబట్టి మీ ఇంటి పిల్లి తొట్టిని విడిచిన నాడు ముందుగా పశువైద్యుని దగ్గరకు తీసుకుపొండి. పోతు ముక్కుతూ చుక్కలు పోస్తుంటే ఆ గంటలోనే బయలుదేరండి. జబ్బు లేదని తేలితే తొట్టిని చూడండి, తరువాత ఇంట్లో వచ్చిన మార్పును చూడండి. పిల్లి మనస్సులో పగను వెదకే పని మాత్రం కవులకు వదలివేయండి.

మీ ఇళ్ళలో పిల్లులున్న మిత్రులు తమ అనుభవాలు వ్రాస్తే నలుగురికీ ఉపయోగం.

స్వస్తి.