కొంకిపురుగు జాడ

19వ శతాబ్ది చివర కైరో నగరమున ఆర్థర్ లూస్ పండితుని చేతిపై కొంకిపురుగు డింభకములుగల నీటిచుక్క పడెను. అవి చర్మమును తొలుచుకొని పోవునని అట్లు తెలిసెను. నేడు శాస్త్రజ్ఞులు ఆ జాతికి చుట్టమైన నిప్పోస్ట్రాంజిలస్ డింభకములకు వెలుగు చిమ్ము రంగు నంటించి, చుంచెలుకల చర్మము క్రిందికి ఎక్కించి, సూక్ష్మదర్శినితో జాడ తీయుచున్నారు. రెండు దినములలో ఊపిరితిత్తులు, పిమ్మట గొంతు, తుదకు ప్రేవులు: ఇదియే వాని దారి.

మన దేశమున 2015 నుండి ఏటేట పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలిచ్చుచున్నారు. ఆ మాత్ర ప్రేవులలోని పురుగును చంపును. మరల ప్రవేశించు పురుగు నాపజాలదు. దారిలోనే దాని నడ్డగించు టీకాను వెదకువారికి ఈ పరిశోధన తోడ్పడును. దీనిని మేము అభినందించుచున్నాము. అయినను టీకా యింకను రాలేదు. పురుగు ప్రవేశించు ద్వారము బీదవాని వట్టి పాదమని నూరేండ్లకు పైగా తెలిసియే యున్నది. మరుగుదొడ్డికిని పాదరక్షకును ఏ పరిశోధన కొరకు వేచియుందుము?