పెరిగిన యిల్లే పుట్టినిల్లు

తిరుపతి జిల్లాలోని నారాయణవనమునకు ఒక పెండ్లికథ కలదు. ఆ ప్రాంతము నేలిన ఆకాశరాజు యజ్ఞముకొరకు భూమిని దున్నించుచుండగా, నాగటిచాలున ఒక పద్మమును, అందొక ఆడుశిశువును కానవచ్చెనని స్థలపురాణము చెప్పుచున్నది. రాజదంపతులు ఆ శిశువును ఇంటికి తెచ్చుకొని, పద్మావతి యని పేరుపెట్టి పెంచిరి. ఆమెయే శ్రీనివాసునకు ఇల్లాలయ్యెను. ఆ పెండ్లి మాటలాడుటకు వరుని పక్షమున కొండ దిగి వచ్చినది వకుళమాత. ఆమెయు శ్రీనివాసుని కన్నతల్లి కాదు, పెంచిన తల్లి. వధువు పెంపుడు కూతురు. వరుని తరఫున నిలిచినది పెంచిన తల్లి. ఇట్టి పెండ్లిని ఈ సీమ ప్రజలు తరతరములుగా తమ యింటి శుభకార్యమువలె తలచుకొనుచున్నారు. పద్మావతి ఎవరి బిడ్డయని అడిగినచో పసివారు కూడ "ఆకాశరాజు కూతురు" అనియే చెప్పుదురు. "ఆకాశరాజు పెంచుకొన్న పిల్ల" అని గొంతు తగ్గించి చెప్పువారు ఎవరును లేరు.

పురాణమునందు ఇంత సులభముగా అంగీకరించిన విషయమునే, ప్రక్కయింట జరిగినపుడు జనులు గుసగుసలాడుకొనుట ఏల? దత్తత వచ్చిన బిడ్డను చూచి జాలిపడుట ఏల? ఆ బిడ్డకు నిజము తెలియనీయక దాచుట ఏల? ఇవి ఆలోచింపదగిన ప్రశ్నలు.

అదే జిల్లాకు తూర్పుకొనయందు, తమిళనాడు సరిహద్దున తడ యను ఊరు కలదు. 2022వ సంవత్సరమున జిల్లాల పునర్విభజన జరుగువరకు అది నెల్లూరు జిల్లాలో నుండెను. ఒక ప్రక్క పులికాట్ సరస్సు. దాని యొడ్డున భీమునివారిపాళెము నుండి ఇరకం దీవికి పడవలు పోవుచుండును. ఊరి మీదుగా చెన్నైకి పోవు రైలుమార్గమును, జాతీయ రహదారియు కలవు. సమీపమున శ్రీసిటీ కర్మాగారములు వెలసినవి. ఊరివారికి తెలుగును, తమిళమును రెండును తెలియును.

ఈ ఊరియందు ఒక సామాన్య కుటుంబమును ఊహింపవచ్చును. తండ్రి కర్మాగారమున పనిచేయును. తల్లి ఇంటివద్ద కుట్టుపని చేయును. తండ్రిని కన్న అవ్వ యొకతె వారితో నుండును. చాలకాలము ఎదురు చూచిన పిమ్మట, ప్రభుత్వ శిశుగృహము నుండి మూడేండ్ల ఆడుబిడ్డ ఆ యింటికి వచ్చినది.

మొదటి దినములు అందరును అనుకొనునట్లు పండుగవలె నుండవు. బిడ్డకు ఆ యింటి గోడలు క్రొత్త, గొంతులు క్రొత్త, అన్నపు రుచి కూడ క్రొత్త. తోటిపిల్లల నడుమ నిద్రించుటకు అలవాటు పడిన ఆమెకు రాత్రివేళ ఆ నిశ్శబ్దమే భయము. ఐనను మేలుకొని ఏడువదు. చూచినవారు "ఎంత నెమ్మదిగల బిడ్డ!" అని మెచ్చుకొందురు. కాని, ఏడ్చినచో ఎవరైన వత్తురను నమ్మకము గల బిడ్డయే ఏడ్చును. ఆ నమ్మకము ఇంకను కుదురుకొనలేదు గనుక ఆమె కన్నులు తెరచికొని ఊరక పరుండును. పగలు పెట్టిన ఇడ్డెనలో సగము తిని, సగము దిండు క్రింద దాచును.

తల్లి దానిని చూచి కోపపడదు, నవ్వదు. మరునాటి నుండి ఒక చిన్న డబ్బాలో బొరుగులు పోసి బిడ్డ చేతికందునంత ఎత్తున పెట్టును. "ఇది నీది, అయిపోయినచో మరల పోసెదను" అని చెప్పును. అయిపోయినపుడెల్ల పోయును. కొన్ని వారములు గడచిన పిమ్మట దిండు క్రింద ఏమియు కనబడదు. డబ్బాలోని బొరుగులు తినువారు లేక మెత్తబడిపోవును. మరి కొన్నాళ్లకు ఒక నడిరేయి బిడ్డ ఉలికిపడి లేచి, "అమ్మా!" అని బిగ్గరగా ఏడ్చును. తెలుగునను తమిళమునను తల్లిని పిలుచు మాట ఒక్కటే. ఇరుగుపొరుగువారికి ఆ యేడుపు నిద్రాభంగము. ఆ తల్లికి మాత్రము అది నామకరణము.

బిడ్డ ఒక యింటిది అగుట ఇట్లే జరుగును. ఒక దినమున సంతకములతో జరుగునది కాదు. తల దువ్వుట, గోళ్లు తీయుట, జ్వరము వచ్చినపుడు తడిగుడ్డ వేయుట, ప్రొద్దున లేచినపుడు అదే ముఖము కనబడుట, సాయంకాలము తండ్రి చెప్పిన వేళకు తిరిగి వచ్చుట, వీని వలన జరుగును. కనుట ఒక దినపు కార్యము. పెంచుట ప్రతిదినపు కార్యము.

అట్లని ఆ బిడ్డను అపురూపపు వస్తువువలె చూడవలెనని కాదు. ఇల్లు వేరు, సత్రము వేరు. సత్రములోని అతిథిని ఎవరును మందలింపరు. ఇంటిబిడ్డను మందలింతురు. పాలు ఒలుకబోసినచో తుడువుమందురు. అబద్ధమాడినచో తప్పని చెప్పుదురు. "పాపము, పెంచుకొన్న పిల్ల గదా" యని అవ్వ అడ్డుపడినచో, ఆమె తెలియకయే బిడ్డను అతిథిని చేయుచున్నది. ఐతే మందలించునపుడు ఒక మాట మాత్రము నాలుకపైకి రాకూడదు. "అల్లరి చేసినచో వచ్చిన చోటికే పంపివేసెదము" అనునది ఆ మాట. ఇతర పిల్లలకు అది ఉత్త బెదరింపు. ఒకసారి ఇల్లు మారిన బిడ్డకు అది జరుగగల విషయము. ఆ బిడ్డ కొన్నాళ్లు కావలెననియే అల్లరి చేసి, పెద్దలను పరీక్షించుట కూడ కలదు. "నన్ను మరల అచటికి పంపుదురా?" అను ప్రశ్నను ఆమె నోటితో అడుగదు, పగులగొట్టిన గిన్నెతో అడుగును. "పంపము. గిన్నె పగులగొట్టుట తప్పు, రమ్ము, పెంకులు ఎత్తుదము" అనుటయే దానికి తగిన సమాధానము.

చట్టము కూడ ఈ మాటనే చెప్పుచున్నది. పూర్వపు ఆచారము ప్రకారము సామాన్యముగా మగబిడ్డను మాత్రమే దత్తు తీసికొనెడివారు. వంశము నిలుపుట, పితృకర్మలు చేయుట, ఆస్తిని కాపాడుట అందలి ప్రధానోద్దేశములు. బిడ్డకు ఏమి కావలెనను ప్రశ్న ఆనాడు వెనుకబడి యుండెను. 1956 డిసెంబరు 21న అమలులోనికి వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఆడుబిడ్డను కూడ దత్తు తీసికొనవచ్చునని నిర్ణయించెను. దత్తత జరిగిన దినమునుండి ఆ బిడ్డ అన్ని విధముల ఆ తలిదండ్రుల బిడ్డయే. సక్రమముగా జరిగిన దత్తతను తరువాత రద్దు చేయుటకు వీలు లేదు. 2016 జనవరి నుండి అమలునకు వచ్చిన 2015 నాటి బాలల న్యాయ చట్టము మతభేదము లేక ఎల్లరకును ఈ మార్గమును చూపుచున్నది. దాని ప్రకారము కోరువారు ముందుగా పేరు నమోదు చేసికొందురు. సమాజ సేవకులు వారి యింటికి వచ్చి విచారింతురు. 2022 సెప్టెంబరు నుండి దత్తత ఉత్తరువును జిల్లా మేజిస్ట్రేటే యిచ్చుచున్నారు. ఉత్తరువు వచ్చిన తరువాత కూడ రెండేండ్లపాటు, ఆరునెలల కొకసారి, బిడ్డ క్షేమమును విచారించి నివేదిక వ్రాయుదురు. ఈ పద్ధతిని దాటి బిడ్డలను చేతులు మార్చుట నేరము. బిడ్డను అమ్ముట, కొనుట ఘోరమైన నేరము. జనన ధ్రువపత్రములో పెంచినవారి పేర్లే తలిదండ్రుల పేర్లుగా నుండును.

చట్టము ఇంతవరకు చేయగలదు. వీధిలోని నాలుకలను మాత్రము అది కట్టివేయజాలదు.

కొందరు పెద్దలు మంచి యుద్దేశముతోనే ఒక సలహా చెప్పుదురు. "బిడ్డకు ఈ సంగతి తెలియనీయవలదు. తెలిసినచో మనసు విరిగిపోవును, మీపై ప్రేమ తగ్గిపోవును" అని వారి వాదము. ఆ భయమున కొంత సత్యము లేకపోలేదు. ఈ వార్త విని బాధపడు బిడ్డలు కలరు. ఐనను విచారింపవలసినది మరియొకటి కలదు. తడ వంటి ఊరిలో ఒక బిడ్డ మూడేండ్ల వయసున ఒక యింటికి వచ్చిన సంగతి ఎవరికి తెలియదు? పాలు పోయువారికి తెలియును. బడి ఆయాకు తెలియును. ప్రక్కయింటి పిల్లలకు తెలియును. ఊరందరికి తెలిసి, ఎవరిని గూర్చినదో ఆ బిడ్డకు మాత్రమే తెలియని రహస్యము ఎన్నినాళ్లు నిలుచును? ఒకనాడు ఆటలో తగవు వచ్చును. ఒక పిల్లవాడు "నీవు వారి సొంతబిడ్డవు కావు" అని అరచును. అపుడు ఆ బిడ్డ ఒకేసారి రెండు పోగొట్టుకొనును. తన పుట్టుకను గూర్చి తానెరిగిన కథ పోవును. ఇంతకాలము ఆ కథను చెప్పినవారిపై నమ్మకము పోవును. మొదటిది మరల దిద్దుకొనవచ్చును. రెండవది దిద్దుకొనుట కష్టము.

కావున నిజము చెప్పుటయే మేలు. పదునెనిమిదేండ్లు వచ్చువరకు ఆగి, ఒకనాడు కూర్చుండబెట్టి పిడుగువలె చెప్పరాదు. మాటలు నేర్చుచున్న నాటినుండియే, అన్నము తినిపించుచు చెప్పు కథలలో ఒక కథగా చెప్పవలెను. "నీవు మరియొక అమ్మ కడుపున పుట్టితివి. ఆమె నిన్ను పెంచగల స్థితిలో లేకపోయెను. మేము బిడ్డకొరకు ఎదురు చూచుచుంటిమి. ఒకనాడు నాయనయు నేనును నిన్ను తెచ్చుకొనుటకు వచ్చితిమి. ఆనాడు నీవు ఎఱ్ఱగౌను తొడుగుకొని యుంటివి." ఇట్టి కథను బిడ్డ నూరుసార్లు అడిగి చెప్పించుకొనును. ఎఱ్ఱగౌనును మరచినచో తానే గుర్తుచేయును. అట్లు పెరిగిన బిడ్డకు తగవులో ఎవరో విసరిన మాట క్రొత్త వార్త కాదు. "ఆ సంగతి నాకు తెలియును" అని చెప్పి ఆటకు పోగలదు.

ఈ కథలో కన్నతల్లిని నిందింపరాదు. ఏ కష్టము ఆమెను ఆ స్థితికి తెచ్చెనో దూరమున నున్నవారు నిర్ణయింపజాలరు. కన్నతల్లిని తక్కువచేసి మాటలాడినచో బిడ్డ తనలోని ఒక భాగమును చూచి సిగ్గుపడును. పెద్దయైన పిదప తన మూలములను తెలిసికొనగోరుటయు కృతఘ్నత కాదు. అందుకు దరఖాస్తు చేసికొను అవకాశమును, కన్నవారి గోప్యతకు భంగము రాకుండ, దత్తత నిబంధనలే కల్పించుచున్నవి.

కృతజ్ఞతను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. "నీవెంత అదృష్టవంతురాలవు! వీరు లేకున్న నీ గతి యేమి?" అని ఆ బిడ్డతో అనువారు కలరు. వారు ఇట్టి మాట తమ బిడ్డలతో అనరు. తలిదండ్రుల యెడ ప్రేమయు, గౌరవమును ఎల్ల బిడ్డలకును ఉండవలసినవే. కాని అన్నమునకు, బట్టకు ప్రతిదినము ఋణపత్రము చూపబడు బిడ్డ ఆ యింట స్వేచ్ఛగా నవ్వజాలదు. కన్నప్రేమ గొప్పదా, పెంచిన ప్రేమ గొప్పదా యని తూచుటయు అనవసరమే. ఆ త్రాసును ఎవరు పట్టుకొన్నను, నడుమ నలుగునది బిడ్డయే.

విద్యార్థులకు ఇందు ప్రత్యేకమైన బాధ్యత కలదు. తరగతిలో వంశవృక్షమును గీయుమన్నపుడు, నెలలనాటి ఛాయాచిత్రమును తెమ్మన్నపుడు, ఒక విద్యార్థి తలవంచుకొని కూర్చుండవచ్చును. అట్టివేళ "నీ కేల లేదు?" అని గుచ్చి అడుగుట వీరత్వము కాదు. చెట్టునకు వేళ్లు ఎంత నిజమో, దానికి నీరు పోసినవారును అంతే నిజము. ఇరువురకును ఆ పటములో చోటుండవచ్చును. ఇంటిపేరు రక్తముతోనే రావలెనని లేదు. మహాకవి శ్రీశ్రీ పూడిపెద్దివారి యింట పుట్టి, శ్రీరంగంవారికి దత్తుడయ్యెను. ఆయనను తెలుగుదేశము శ్రీరంగం శ్రీనివాసరావుగనే ఎరుగును. ఆ పేరు అరువు తెచ్చుకొన్నదని ఎవరును అనలేదు.

సాయంకాలము తడలో కర్మాగారపు బస్సు వచ్చి నిలుచును. ఆ యింటి తండ్రి దిగి నడచి వచ్చుచుండగా బిడ్డ గుమ్మమునందు నిలిచి, "నాయనా, ఇంత ఆలస్యమేల?" అని కోపగించుకొనును. ప్రక్కయింటికి క్రొత్తగా వచ్చిన చుట్టము ఆ పిల్లను చూచి, "ఈ బిడ్డ ఎవరు?" అని అడుగును. అపుడు ఇరుగుపొరుగువారు చెప్పదగిన సమాధానము ఒక్కటే కలదు. "వారి అమ్మాయి" అని చెప్పి ఊరకుండవలెను. అంతకుమించి ఒక్క మాటయు అక్కరలేదు. ఆ మాట గొంతు తగ్గింపక చెప్పగలుగునాడు, నారాయణవనపు పెండ్లికథను ఆ ఊరు నిజముగా అర్థము చేసికొన్నదని చెప్పవచ్చును.