కొలువును పరిశోధనయు

పాఠశాలలో దినమంతయు పాఠములు చెప్పి, జవాబు పత్రముల కట్టతో యింటికి వచ్చిన ఉపాధ్యాయుడు రాత్రి భోజనానంతరము పరిశోధన గ్రంథము తెరచుట మన దేశమున క్రొత్త విషయము కాదు. కుటుంబభారమును మోయువాడు వేతనము వదలుకొని విశ్వవిద్యాలయ గ్రంథాలయమున ఏండ్ల తరబడి కూర్చుండలేడు. అందుచేతనే కొలువు చేయుచు పిహెచ్.డి. పట్టమునకు కృషిచేయు మార్గమును నిబంధనలు అంగీకరించినవి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022వ సంవత్సరమున వెలువరించిన నిబంధనలను చూడుడు. కనీస కాలము మూడేండ్లు, గరిష్ఠ కాలము ఆరేండ్లు. పునర్నమోదు మీద మరి రెండేండ్లు లభింపవచ్చును. స్త్రీలకు ఆపైన ఇంకను రెండేండ్ల సడలింపు కలదు. కొలువులో నున్నవాని కృషిని గూడ పూర్తికాల విద్యార్థి కృషివలెనే మదింపు చేయుదురు. పట్టము విలువ నిలుచుటకు ఇది న్యాయమే.

అయితే ఉద్యోగి తన అధికారినుండి నిరభ్యంతర పత్రము తేవలెను. అందు మూడు మాటలుండవలెను: చదువుటకు అనుమతి కలదు, పరిశోధనకు చాలినంత కాలము వెచ్చించుటకు అతని విధులు అడ్డురావు, అవసరమైనచో కోర్సు పని పూర్తిచేయుటకు విధులనుండి విడుదల చేయుదుము. మొదటి మాటపై సంతకము సులభముగనే పడును. చిక్కంతయు మూడవదానితోనే. కోర్సు పని 12 క్రెడిట్లకు తగ్గరాదు. ఆ తరగతులు పగటివేళ విశ్వవిద్యాలయమున జరుగుచుండగా, ఇచట పదవ తరగతికి గణితము చెప్పువారెవరు? విడుదల చేయుదుమని వ్రాసిన కార్యాలయమే ఆ దినము రాగానే బదులు మనిషి లేడనును. అంతట ఉపాధ్యాయుడు తన సెలవులను కరిగించుకొనవలెను, లేదా ఏదో యొకచోట హాజరు పట్టికతో రాజీపడవలెను. రాజీ విశ్వవిద్యాలయమున జరిగినచో పట్టము చులకన యగును. పాఠశాలలో జరిగినచో పిల్లలు నష్టపోదురు. ఈ అన్యాయమునకు ఉపాధ్యాయు నొక్కనినే నిందించుట మాకు సమ్మతము కాదు.

ఉపాధ్యాయుడు తాను చేయదగిన దొకటి కలదు. కాలము కొరవడినవాడు పరిశోధన విషయమును దూరమున వెదుకరాదు. సి. నారాయణరెడ్డి గారు అధ్యాపకులుగా నుండియే 1962లో ఆధునికాంధ్ర కవిత్వముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి పట్టమందిరి. స్వయముగ కవియైనవానికి ఆ విషయము పరాయిది కాదు గదా! అంతకుముందు గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండగా, ఆ చుట్టుపట్ల కొండలలోని సవరల భాషను నేర్వ మొదలిడిరి. సవర భాషపై వారి గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆరేండ్ల గడువు వారికి గూడ వర్తించినచో వారి పేరు నమోదు పట్టికనుండి ఎన్నడో తొలగి యుండెడిది!

ఇంటి భాష వేరైన బాలుడు తెలుగు వాచకమును ఎట్లు చదువుచున్నాడు? భిన్నముల కూడికలో పిల్లలు ఏ మెట్టున తప్పుచున్నారు? పట్టణమున కూర్చున్న పరిశోధకుడు ఇట్టివి తెలిసికొనుటకు ప్రయాణము కట్టవలెను. గ్రామ పాఠశాలలోని ఉపాధ్యాయురాలి కవి ప్రతిదినము ఎదుటనే యుండును. ఆమెకు లేనిది వానిని క్రమముగా వ్రాసికొను తీరిక మాత్రమే.

కావున నిరభ్యంతర పత్రములపై సంతకము చేయు అధికారులకు మా విన్నపము ఒక్కటే. మూడవ వాక్యము వద్ద కొంచె మాగుడు. ఆ నెలలలో ఆ తరగతిని ఎవరి కప్పగింతురో నిర్ణయించి, ఆ పేరును గూడ అచటనే వ్రాసి, పిదప సంతకము చేయుడు.