పేరు చివర ‘ఉ’

ఈ వారం శ్మశాన భూముల గురించి రాస్తానని పోయిన పోస్టులో చెప్పాను. అది వచ్చే వారం. మా మేనకోడలు అడిగిన ఒక మాట మూడు రోజులుగా బుర్రలో తిరుగుతోంది, ముందు అది చెప్పుకోవాలి.

తనకి రెండో కొడుకు పుట్టాడు. పెద్దాడి పేరు భీమ్‌రావు, నేను పెట్టిందే. ఫోన్ చేసి, “మావయ్యా, చిన్నాడి పేరు కూడా ‘ఉ’తోనే ఆగాలి. అన్నదమ్ములిద్దర్నీ పిలుస్తుంటే ఒక్కలా వినపడాలి. ఫోన్లో వెతికితే అన్నీ ‘ష్’ దగ్గరో ‘న్’ దగ్గరో ఆగిపోతున్నాయి. మా ఆఫీసులో వాళ్ళేమో ‘ఉ’తో ఆగేవన్నీ పాతకాలం పేర్లు, పల్లెటూరి పేర్లు అంటున్నారు. నువ్వేమంటావ్?” అంది.

ముందు నవ్వొచ్చింది. తర్వాత మా తాత గుర్తొచ్చాడు.

మా తాత పేరు చర్చి పుస్తకంలో పౌలు. ఆసామి కూలి లెక్కల పుస్తకంలో పౌలుగాడు. రెండూ ‘ఉ’తోనే ఆగుతాయి. తాతకి జుట్టంతా తెల్లబడ్డాక కూడా, ఆసామి మనవడు, పదేళ్ళవాడు, అరుగు మీద నుంచి “ఒరే పౌలుగా” అని కేకేస్తే “అయ్యా, వత్తన్నా” అంటూ పరిగెత్తేవాడు. ఆ పిల్లాణ్ణి మాత్రం తాత ‘చినబాబుగారు’ అనాలి.

గాడు, గారు. ఒక్కసారి పైకి పలికి చూడండి. మొదటి అక్షరం అదే, చివరి అచ్చూ అదే. నడుమ ఒక్క ‘డ’, ఒక్క ‘ర’. ఊరికీ మా పల్లెకీ ఉన్న దూరమంతా ఆ ఒక్క హల్లులో పెట్టుకుని తిరిగారు.

‘డు’ తెలుగులో మగవాళ్ళ పేర్లకి మామూలుగా చేరేదే కదా, రాముడు, కృష్ణుడు అనట్లేదా అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. నాకూ తెలుసు. దేవుణ్ణి రాముడు అంటే భక్తి. దోస్తుని పేరు పక్కన ‘గాడు’ పెట్టి పిలిస్తే చనువు, వాడూ తిరిగి అలాగే పిలుస్తాడు. మా తాత తిరిగి పిలవగలిగాడా? పిలవలేనప్పుడు అది చనువెలా అవుతుంది?

ఇంకో సంగతి. పుట్టిన పిల్లలు బతక్కపోతే బిడ్డని పెంట మీద పడుకోబెట్టి పెంటయ్య అనీ, పుల్లాకులో వేసి పుల్లయ్య అనీ పేర్లు పెట్టేవాళ్ళు. చావు కన్ను పడకూడదని. ఇది మా ఒక్కళ్ళ ఆచారం కాదు, చాలా కులాల్లో ఉంది. కానీ ఊళ్ళో పుల్లయ్య పెద్దయ్యాక పుల్లయ్యగారు అయ్యాడు. పల్లెలో పుల్లయ్య కాటికి పోయేదాకా పుల్లిగాడే. ఒకే భయంతో పెట్టిన ఒకే పేరు. చివర్లో దారులు వేరయ్యాయి.

ఇదేదో పల్లెటూరి మోటుతనం అనుకోకండి. రాసి పెట్టారు. మనుస్మృతి రెండో అధ్యాయం తీయండి. బ్రాహ్మణుడి పేరు మంగళకరంగా, క్షత్రియుడిది బలాన్ని చెప్పేలా, వైశ్యుడిది ధనాన్ని చెప్పేలా ఉండాలట. శూద్రుడిది అసహ్యం పుట్టించేలా ఉండాలట. శూద్రుడికే అది రాస్తే, ఆ లెక్కలో చోటే లేని మా సంగతి మీరే ఊహించుకోండి. ఆడపిల్ల పేరు దీర్ఘంతో ఆగాలని కూడా అక్కడే ఉంది. అంటే మన నోట్లో పేరు ఎక్కడ ఆగాలో కూడా వాళ్ళే చెప్పారు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టింది ఆ పుస్తకాన్నే.

పల్లెలోకి తెలుగు బైబిల్ వచ్చినప్పుడు పౌలు, దావీదు, యోహాను, యోసేపు, సమూయేలు వచ్చారు. మన భాష వాళ్ళందరికీ చివర ‘ఉ’ ఇచ్చి సొంతం చేసుకుంది. పెంట లేని పేరు, ఎవడూ అసహ్యించుకోలేని పేరు. మా ముత్తాత ఎంత ఆశతో కొడుక్కి పౌలు అని పెట్టుకున్నాడో! ఆసామి దానికి కూడా ‘గాడు’ తగిలించాడు.

మా నాన్న దగ్గరికి వచ్చేసరికి పేరు రెండు ముక్కలైంది. ఇంట్లో సమూయేలు, బడి రికార్డులో చంద్రయ్య. ఎందుకో మీకు తెలుసు. 1950 ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మా నాన్న చదువుకోవడానికి సమూయేలుని ఇంట్లో దాచి, చంద్రయ్యని బడికి పంపారు. ఆయన పోయాక కార్డు మీద ఏ పేరు వేయాలో తెలియక అన్నదమ్ములం గంటసేపు కూర్చున్నాం. చివరికి రెండూ వేయించాం.

అందుకే భాగ్యరెడ్డి వర్మ అంటే నాకు ఇష్టం. 1888లో మాదరి భాగయ్యగా పుట్టిన మనిషి. ఒక కులం తనదే అనుకునే రెడ్డినీ, క్షత్రియులకని కట్టిపెట్టిన వర్మనీ పేరు చివర పెట్టుకుని హైదరాబాద్ వీధుల్లో తలెత్తుకు తిరిగాడు.

ఇప్పుడు మా మేనకోడలికి నా జవాబు.

తల్లీ, ‘ష్’తో ఆగే పేరు పెట్టుకున్నా తప్పు లేదు. వినడానికి బావుంటుందని పెడితే పెట్టు. ఆ పేరు వెనక దాక్కోవచ్చని మాత్రం పెట్టకు. పేరులో కులం దొరక్కపోతే ఇంటిపేరు అడుగుతారు. అక్కడా దొరక్కపోతే “మీదే ఊరు, ఊళ్ళో ఏ వైపు?” అంటారు. కులం పేరుతో నలుగురిలో తిడితే 1989 చట్టం ఉంది. పేరు చివర ‘గాడు’ తగిలిస్తే ఏ సెక్షన్ పెడతావు?

నాకైతే జ్యోతిరావు అని పెట్టాలనుంది. ఫూలే పేరు. భీమ్‌రావు, జ్యోతిరావు. పిలిస్తే ఒక్కలా వినపడతాయి, నువ్వు కోరిన ‘ఉ’ ఉంది. బాబాసాహెబ్ తన గురువుల్లో ఒకడిగా చెప్పుకున్న మనిషి అన్న పక్కన తమ్ముడిగా పెరుగుతాడు. “ఏ రావులు మీరు?” అని అడిగేవాళ్ళు వస్తారు. రానీ. చెప్పు.

ఒక్క పని మాత్రం ఇంట్లోనే మొదలుపెట్టు. ముద్దుకి కూడా వాళ్ళని ‘భీమ్‌గాడు’, ‘జ్యోతిగాడు’ అనకండి. నేను ఒకసారి అలవాటులో పెద్దాణ్ణి “భీమ్‌గా” అన్నాను. అక్కడే కూర్చున్న మా అమ్మ తలెత్తి చూసింది. ఏమీ అనలేదు. పౌలు కూతురు ఆవిడ.

ఆ రోజు నుంచి నేను పూర్తి పేరుతోనే పిలుస్తున్నాను. జై భీమ్.