పండుగపూట ఇంగ్లీషు పాఠం

గత డిసెంబరు మాసంలో ఒక సాయంకాలం మా ఇంటిలో దిండు ఒకటి విప్పవలసి వచ్చింది. రెండవ తరగతి చదువుతున్న మా పాపను బడిలో 'స్నోమాన్' బొమ్మ చేసి తెమ్మన్నారు. అట్టముక్క, జిగురు, నల్ల గుండీలు దొరికాయి గాని దూది చాలలేదు. దాదీ తన తలదిండు కుట్లు తానే విప్పి గుప్పెడు బూరుగుదూది తీసి ఇస్తూ, "యే క్యా హై బేటా?" అని అడిగింది. "స్నోమాన్" అన్నది పాప. "అంటే?" అన్నది దాదీ. పాప మా ముఖం వైపు చూచింది. శీతల దేశాలలో ఆకాశం నుండి మంచు కురుస్తుందనీ, పిల్లలు దానిని ఉండలుగా చుట్టి ఒకదానిపై ఒకటి నిలిపి ముక్కు, కళ్లు పెట్టి ఆడుకొంటారనీ మేమే వివరించాము. వివరించినది ఉర్దూలో. మరునాడు బొమ్మ బడికి వెళ్లింది, మంచి మార్కులు తెచ్చింది. ఆ బొమ్మ నిమిత్తం పాప నోట వెలువడిన ఆంగ్లపదం మాత్రం ఆ ఒక్కటే. ఆ పదానికి అర్థం ఆమె అనుభవంలో లేదు. ఆ పదాన్ని పొదిగిన వాక్యం ఆమెకు ఎవరూ నేర్పలేదు. దాదీ దిండు ఈనాటికీ ఒక ప్రక్క పలుచగానే ఉన్నది.

దీనిని మేము వినోదానికి చెప్పడం లేదు. ఆంగ్లభాషపై మాకు ద్వేషం లేదు. తెలుగు బోధించి జీవించే మేము ఇంగ్లీషు వద్దంటే, అది తన అంగడి సరుకును పొగడుకొనే వర్తకుని మాటవలె ఉంటుంది. 2016లో మన రాష్ట్రంలో మైనారిటీ గురుకుల పాఠశాలలు 71 ఒక్కమారుగా ప్రారంభమైనప్పుడు, అవి ఇంగ్లీషు మాధ్యమంలో నడుస్తాయని తెలిసి ఎందరో తల్లిదండ్రులు పిల్లలను చేర్చారు. 2022-23 విద్యాసంవత్సరం నుండి ప్రభుత్వ పాఠశాలలలోనూ ఆ మాధ్యమం ప్రవేశించింది. ఆటో నడిపే తండ్రి, బీడీలు చుట్టే తల్లి తమ బిడ్డ ఇంగ్లీషు మాట్లాడాలని కోరుకోవడంలో తప్పు వెదకడం మాకు చేతకాదు. ఇంగ్లీషు కావాలా, వద్దా అన్న చర్చ మనవంటి ఊళ్లలో ముగిసిపోయినది. అది పిల్లల నోటికి ఏ త్రోవన చేరుతుంది అన్న ప్రశ్న మాత్రం మిగిలి ఉన్నది.

పండుగలద్వారా, చేతిపనులద్వారా, బ్రిటిష్ వారి ఆచారాలద్వారా పిల్లలకు భాష అలవడుతుందని నేడు చాల పాఠశాలలు నమ్ముతున్నాయి. నమ్మకం మంచిదే, ఆచరణలోనే లోపమున్నది. చేయి పనిచేసి నోరు మూసుకొన్నచోట భాష పుట్టదు. పైగా ఆ చేయి కూడ చాలమారులు తల్లిదే అయి ఉంటుంది; లేక స్టేషనరీ దుకాణంలో సిద్ధంగా అమ్మే బొమ్మ అయి ఉంటుంది.

ఈ విషయంలో మన దక్షిణదేశంలోనే ఒక గొప్ప ప్రయోగం జరిగింది. 1979 నుండి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభుగారు బెంగుళూరు, మద్రాసు మొదలైన చోట్ల సాధారణ పాఠశాలలలో వ్యాకరణపాఠాలను ప్రక్కకు పెట్టి, పిల్లలముందు చిన్న చిన్న సమస్యలు ఉంచారు. రైళ్ల వేళల పట్టిక చూచి ఏ బండి పట్టుకోవాలో చెప్పడం, పటం చూచి దారి చెప్పడం వంటివి. మనస్సు సమస్యపై ఉన్నప్పుడు భాష తనంతట తాను వచ్చి చేరుతుందన్నది ఆయన సిద్ధాంతం. 1987లో ఆయన దీనిని గ్రంథంగా వెలువరించారు. బెంగుళూరు ప్రాజెక్టు అన్న పేరుతో ఆంగ్లబోధన చేసేవారు దేశదేశాల దీనిని చదివారు. ఆయన ఇచ్చిన పనులు ఆలోచించవలసిన పనులు, అంటించవలసిన పనులు కావు. మా పాప స్నోమాన్‌లో ఆలోచించడానికి ఏమీ లేదు.

ఈ తలంపుతోనే గత రంజాన్ చివరి పది రోజులు అసర్ నమాజు తరువాత మా ఇంటి వరండాలో మొహల్లా పిల్లలు పదిహేడుగురిని కూర్చుండబెట్టాము. మన కళాశాల విద్యార్థినులు ముగ్గురు తోడు వచ్చారు. చేయవలసిన వస్తువు ఈద్ కార్డు. మా చిన్నతనంలో ఈద్‌కు వారం ముందే బజారులో త్రాళ్లకు వ్రేలాడదీసి కార్డులు అమ్మేవారు. ఇప్పుడు ఫోనులో బొమ్మ పంపి ఊరుకొంటున్నాము. ఈ కార్డుల ఆచారానికి మూలం బ్రిటిష్ వారిదే. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, స్నేహితులందరికీ విడివిడిగా ఉత్తరాలు వ్రాసే తీరిక లేక, హార్స్‌లీ అనే చిత్రకారునిచేత బొమ్మ వేయించి క్రిస్మస్ కార్డు అచ్చొత్తించారు. డికెన్స్ తన ప్రసిద్ధమైన క్రిస్మస్ కథను వెలువరించినదీ ఆ సంవత్సరమే. తీరిక లేని ఒక దొర చేసిన పని మన ఈద్ కార్డుకు తాత అయినదన్నమాట! పిల్లలు ఈ కథకు బాగా నవ్వారు.

మేము పెట్టిన నియమం ఒక్కటే: ఒకే కార్డుపై ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఉండాలి. అక్కడ వచ్చింది చిక్కు. ఉర్దూ కార్డు కుడివైపునుండి తెరుచుకోవాలి. ఇంగ్లీషు కార్డు, తెలుగు కార్డు ఎడమవైపునుండి. మరి కాగితం ఎటు మడవాలి? ఈ ప్రశ్నకు మావద్ద సమాధానం లేదు, కావాలనే ఉంచుకోలేదు. పదిహేడుగురూ పదిహేడు విధాల మడిచారు. మడత, తెరువు, కుడి, ఎడమ, పైన, క్రింద, తలక్రిందులు — ఈ మాటలన్నీ ఆ వారం ఇంగ్లీషులో వరండా అంతటా దొర్లాయి. "ఇంగ్లీషులో చెప్పితేనే కత్తెర ఇస్తాము" అన్న షరతు కూడ మా విద్యార్థినులు పెట్టారు, దానికి తోడు కొంత అల్లరి జరిగింది. అందరూ మాట్లాడారని మేము అనము. నలుగురు ప్రక్కవారి కార్డు చూచి అట్లే దించారు. ఇద్దరు మూడవనాటికి రావడం మానుకొన్నారు. కాని బడిలో నోరు విప్పడని పేరుపడిన ఒక బాలుడు, మూడు పొరలుగా మడిచిన తన కార్డును మా చేతిలోనుండి లాగుకొని, "నో సర్, ఓపెన్ దిస్ సైడ్!" అన్నాడు. అతని తండ్రి సౌదీలో ఉన్నాడు. కవరుమీద ఆ తండ్రి చిరునామాను అతడే ఇంగ్లీషులో వ్రాశాడు. కార్డు ఈద్ గడచిన చాల దినాలకు గాని చేరలేదట. అది తపాలావారి సంగతి.

ఇక బ్రిటిష్ సంస్కృతి మాట. దానిని పిల్లలకు తెలుపరాదా అంటే తెలుపవలసినదే. పుడ్డింగు అంటే ఏమో తెలియనివాడు డికెన్స్ కథలో పేదవాని ఇంటి పండుగభోజనాన్ని ఎట్లు ఆస్వాదిస్తాడు? ఐతే ఆ సంస్కృతి ఎక్కడో సముద్రాలకావల మంచులో మాత్రమే ఉన్నదని పిల్లలకు తోపజేయడం పొరపాటు. అది మన వంటింట ఉన్నది. మనం ఉదయం ఖీమాతో తినే ఖిచిడీని దొరలు తమ దేశానికి కొనిపోయి చేప, కోడిగ్రుడ్డు కలిపి 'కెజెరీ' అని పేరుపెట్టి తామూ ఉదయపు ఫలహారంగానే తిన్నారు. మన పాయిజామా వారి నిఘంటువులో ఉన్నది. మన పందికొక్కు సైతం 'బాండికూట్' అయి ఆంగ్లంలో కాపురం పెట్టింది. ఈ ఒక్క మాట చెప్పి చూడండి, ఎంతటి మొద్దుతరగతి అయినా లేచి కూర్చుంటుంది.

అన్నిటికంటె మించి అది మన ఊరి నడుమ రాతికట్టడమై నిలిచి ఉన్నది. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1914లో ఆరంభించిన మెదకు చర్చి 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరువబడినది. కరవురోజులలో కూలివారికి ఈ నిర్మాణం కూడు పెట్టింది. గోపురం ఎత్తు 175 అడుగులు. గాజుకిటికీలను చిత్రించినవాడు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. పగటివేళ లోపల నిలిచి చూస్తే ఆ గాజులో రంగులు వెలుగుతాయి. బయటినుండి చూస్తే ఏమీ కానరాదు. ఎందువల్ల? ఎనిమిదేండ్ల పిల్లవానికి ఇంతకంటె మంచి ఇంగ్లీషు ప్రశ్న ఏమున్నది? దూరప్రాంతాలవారు బస్సులు కట్టుకొని వచ్చి చూచిపోతారు. మన పిల్లలు దాని గోడ ప్రక్కగా దినమూ నడిచిపోతూ, క్రిస్మస్ అంటే దూదిబొమ్మ అని నేర్చుకొంటున్నారు. డిసెంబరులో అక్కడ జరిగేది మన జాతరే: మన భాష, మన మిఠాయి దుకాణాలు, మన గాజుల అంగళ్లు.

మన పెద్దలలో కొందరికి ఇక్కడ శంక కలుగవచ్చును. పరుల పండుగ గురించి చదివితే పిల్లల విశ్వాసం సడలదా అని ఒక పెద్దమనిషి మమ్ము సూటిగానే అడిగారు. ఆయన ఆందోళనను తేలికగా తీసివేయము. కాని మన పల్లెలలో పీరీల పండుగనాడు గుండం చుట్టూ ఆడేవారిలో హిందువులెందరు? వారి విశ్వాసం ఏమైనది? బతుకమ్మకు తంగేడుపూలు, గునుగుపూలు తెచ్చే పొరుగింటివారిని చూస్తూనే మనమంతా పెరిగాము. పొరుగువాని పండుగ పేరు తెలియడం వేరు, దానిని తన పండుగ చేసుకోవడం వేరు. మాకు నిజంగా భయం కలిగించేది మరొకటి. అన్ని కార్డులూ, అన్ని బొమ్మలూ, అన్ని పాటలూ ఒక్క దేశానివే అయినప్పుడు, తన ఇంటి షీర్ ఖుర్మాను ఇంగ్లీషులో వర్ణించదగిన వస్తువుగా బిడ్డ తలపడు. ఖర్జూరం, సారపప్పు, సేమియా, పాలు, వాటిని కాచే క్రమం, నెలవంక చూచిన రాత్రి ఇంటిలో హడావిడి — ఇవన్నీ చెప్పడానికి ఎంత ఇంగ్లీషు కావాలి! ఆ ఇంగ్లీషు ఏ పుస్తకంలోనూ లేదు, మనమే కూర్చుకోవాలి.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. మన విద్యార్థినీ విద్యార్థులలో అనేకులు రేపు బడిపంతుళ్లు కానున్నారు. రంజాన్‌కు, బతుకమ్మకు, క్రిస్మస్‌కు వారం వారం చొప్పున చుట్టుపట్ల ప్రాథమిక పాఠశాలల పిల్లలను సాయంకాలం మన ఆవరణలోనికి రానిచ్చి, వారిని మన విద్యార్థులకు అప్పగించండి. క్రిస్మస్ వారంలో ఒకపూట చర్చి చూపించే అనుమతి మేము అడిగి తెస్తాము. ఖర్చు స్వల్పం: మొన వంచిన కత్తెరలు ఇరవై, జిగురు, రంగుపెన్సిళ్లు. కాగితానికి పైకం అక్కరలేదు. ప్రతి ఇంటిలోనూ పాత పెళ్లి రుక్కాలు, శుభలేఖలు దొంతరలుగా పడి ఉంటాయి. ఒక ప్రక్క ఖాళీగా ఉండే దళసరి కాగితం. విద్యార్థులు వాటిని పారవేయక, గ్రంథాలయం బల్లవద్ద ఉంచిన అట్టపెట్టెలో వేయవలసినదిగా కోరుతున్నాము.